నాలుగు ఇటుకలు

కామారెడ్డిలో ఒక మందుల షాపు కౌంటర్ వెనక చాలా ఏళ్లుగా నిలబడుతున్నాను. ఛాతీలో మంట అని వచ్చినవాళ్ల చేతిలో గోలీ పెడుతూనే, తిన్న వెంటనే పడుకోకండి, రాత్రి కడుపు నిండా తినకండి, మంచం ఒక వైపు ఎత్తు చేసుకోండి అని చెప్పడం నాకు నోటికొచ్చిన పాఠం. వాళ్లు తలూపుతారు, వారం తిరక్కుండా మళ్లీ వస్తారు. చెబితే వినని జనం అని విసుక్కునేదాన్ని. మా అమ్మను కూడా ఆ జనంలోనే కలిపేశాను.

మా అమ్మను మేం అవ్వ అని పిలుస్తాం. ఎల్లారెడ్డిలో ఉంటుంది, బీడీలు చుడుతుంది. ఎదురింటి చాచీ, అవ్వ కలిసి ముందు గదిలో కూర్చుంటారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. తిన్న చెయ్యి ఆరకముందే అవ్వ మళ్లీ చాట మీదికి వంగేది. మొన్నటి ఎండాకాలంలో మంట మొదలైంది. పుల్లటి తేన్పులు, గొంతుదాకా కారం పూసినట్టు బాధ. కామారెడ్డికి తీసుకొచ్చి డాక్టరుకు చూపించాను. గుండె బాగానే ఉంది, కడుపులో పులుపు పైకి తన్నుతోంది అన్నాడు. కొన్నాళ్లకు సరిపడా గోలీలు రాసి, అసలు మందు అలవాట్లు మార్చుకోవడమే అన్నాడు.

ఆ ఆదివారం ఎల్లారెడ్డి వెళ్లి అవ్వను కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. పొద్దు గూకేలోపు తినాలి. తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చొద్దు. పచ్చడి ముట్టొద్దు. పాన్‌లో తంబాకు మానేయాలి. చీర ముడి బిగించి కట్టొద్దు. చివరికి నా షరతు కూడా చెప్పాను.

"రెండు నెలలు చూస్త. తగ్గకపోతే ఈ చాట బంద్ పెట్టి నాతోని కామారెడ్డికి రావాలె."

అవ్వ ఆకు కత్తిరించడం ఆపలేదు. "సరే బిడ్డ" అంది.

ఇక మిగిలింది మంచం. స్నానాల గది కట్టగా మిగిలిన ఇటుకలు పెరట్లో ఉన్నాయి. దక్షిణం గోడ వైపు తునికాకు బస్తాలు అడ్డమున్నాయి, మంచం ఎత్తడానికి చోటు లేదు. బస్సు పోతుందన్న తొందరలో రెండోవైపు మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టేశాను. "గీ దిక్కు ఎత్తే ఉండాలె, డాక్టరు చెప్పిండు, ఇటుకలు తియ్యకు" అని ఒక్క మాట అని బస్టాండుకు పరుగెత్తాను.

రోజూ ఫోను చేసేదాన్ని. తగ్గిందా అంటే తగ్గింది అనేది. ఒకరోజు ఫోను చాచీ తీసుకుంది. "ఏం తగ్గిందమ్మా? గోలీలు అయిపోయిన కాడికెళ్లి ఇంకా ఎక్కువైంది. పడుకుంటె చాలు, గొంతులకొస్తదట. నీకు చెప్పొద్దన్నది" అంది.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. సెలవు పెట్టి వెళ్లాను. వంటింట్లో పచ్చడి జాడీ మూత తీసి చూశాను. పాన్ డబ్బా వెతికాను. నా కన్నతల్లి ఇంట్లో దొంగసొత్తు వెతికినట్టు వెతికాను. "చాటుకు పచ్చడి తింటున్నవ్, లేకపోతె ఎందుకు తగ్గది?" అని అరిచాను. "ఒట్టు బిడ్డా, ముట్టలే" అంది. నమ్మలేదు. షాపులో వందమంది నోట ఇదే మాట విన్నాను మరి.

రెండు నెలలు నిండిన సోమవారం అవ్వను తీసుకుపోవడానికి మధ్యాహ్నానికల్లా దిగాను. బట్టల సంచి గడప పక్కన సర్ది ఉంది. చాట, కత్తెర చాచీకి ఇచ్చేసింది. చాట లేని ముందు గది బోసిగా ఉంది. అవ్వ గోడ గడియారం చూసి, "తిని మూడు గంటలైంది, జర నడుం వాలుస్త, తర్వాత పోదాం" అంది. పొద్దున చుట్టి గూట్లో పెట్టిన పక్క తీసి పరిచింది. ఇటుకలున్న వైపు కాళ్లు పెట్టి, పల్లంలో తల పెట్టి పడుకుంది.



"అవ్వా, తల అటెందుకు పెట్టినవ్?"

"మరెటు పెట్టాలె?"

"ఇటుకల దిక్కు!"

లేచి కూర్చుని నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అది ఉత్తరం బిడ్డా. ఉత్తరం దిక్కు తల పెట్టుకుంటరా ఎవరన్న? ఎత్తు ఉండాలంటివి, ఉంచిన. నిద్దర్ల కిందికి జారుత, మళ్ల పైకి జరుగుత. అయినా తియ్యలే. డాక్టరు చెప్పిండంటివి గద."

రెండు నెలలు. రోజూ రాత్రి పులుపు గొంతులోకి కారేలా పడుకోబెట్టింది నేను. పచ్చడి దొంగ అని నింద వేసిందీ నేనే. తల వైపు అన్న రెండు మాటలు నోట్లోంచి రాలేదు. కౌంటర్ దగ్గర కూడా ఒక వైపు అని చెప్పి పంపినవాళ్లు ఎంతమందో. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఏది ముందో తెలియలేదు.

బస్తాలు నేనే లాగి పెరట్లో వేశాను. ఇటుకలు తీసి దక్షిణం కోళ్ల కింద పెట్టాను. చప్పుడుకు చాచీ వచ్చింది. సంగతి విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఊరందరికి మందులు చెప్తవ్. మీ అవ్వ తల ఎటు పెట్టుకుంటదో అడగనన్న అడగలేదా?" అంది. సంచి విప్పి బట్టలు దండెం మీద వేసి, ఒక్కదాన్నే బస్సెక్కాను.

మూడు వారాల తర్వాత అవ్వ తగ్గింది అంది. ఈసారి చాచీని అడిగాను. నిజమే, తెల్లారిందాక పడుకుంటుంది అంది.

ఆదివారం వెళ్లి చాచీ ఇంట్లోంచి చాట తెచ్చాను. వంగకుండా పనిచేయాలని దాని కింద పెట్టుకోవడానికి ఒక ఎత్తు పీట కూడా కొన్నాను. చాట ముందుకు చాచాను. అవ్వ చేతులు చాపలేదు.

"ఇగ కామారెడ్డి ముచ్చట తియ్యవు గద?" అంది.

తియ్యను అన్నాక అందుకుంది.