పాసింజరక్క నలభై రెండు కిలోమీటర్లు

ఆస్పత్రి లాండ్రీలో ఆమెను అందరూ పాసింజరక్క అంటారు. ఎక్స్‌ప్రెస్‌లన్నీ వెళ్లిపోయాక స్టేషన్ స్టేషన్‌కీ ఆగుతూ వచ్చే బండి లాంటిదని ఆ పేరు. పెట్టింది ఆమె జోడీయే. వేడి రోలర్‌కి ఇటు చివర ఈమె, అటు చివర ఆవిడ నిలబడి తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని లోపలికి అందిస్తారు. అవతలి వైపు నుంచి అది కాగితంలా చదునుగా బయటికొస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. కొస సరిగ్గా కుదిరేదాకా ఈమె దుప్పటి వదలదు. జోడీకి అదంటే చిరాకు. అయినా వాళ్లిద్దరి చేతుల మీదుగా వెళ్లిన దుప్పటి ముడత ఉందని వెనక్కొచ్చిన రోజు లేదు. ఆ పేరుకి ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు. కొత్తగా చేరినవాళ్లు పేరడిగితే తనే నవ్వుతూ అదే చెప్పేది.

పరుగు ఆమెకు కోపం వల్ల అబ్బింది. నలభై ఆరో ఏట ఒక పొద్దున ఆమె స్టాపుకి నాలుగడుగుల దూరంలో ఉండగానే బస్సు కదిలింది. చెయ్యెత్తింది, పిలిచింది. డ్రైవరు అద్దంలో చూసి కూడా ఆపలేదు. ఒళ్లు మండిపోయింది. టిఫిన్ డబ్బా సంచి చంకన పెట్టుకుని బస్సు వెనకే పరుగందుకుంది. ట్రాఫిక్ సిగ్నల్ రెండుసార్లు ఆమె పక్షాన నిలిచింది. తర్వాతి స్టాపులో బస్సు వచ్చి ఆగేసరికి ఆమె అక్కడ నిలబడి ఉంది. ఊపిరి అందడం లేదు కానీ ముఖం వెలిగిపోతోంది. మీకు టికెట్టెందుకమ్మా అని డ్రైవరు అడిగాడు. ఆ మాట ఆమె నెల రోజులు అందరికీ చెప్పుకుంది. తర్వాత ఒక ఆదివారం ఉదయం, బస్సు ఏదీ లేకుండానే, ఊరికే పరుగెత్తి చూసింది. బాగుంది. మళ్లీ వెళ్లింది.

మూడేళ్లకి మారథాన్‌లో పేరిచ్చింది. ఆ మొదటిసారి సంగతి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ సిగ్గే. ఆరు గంటల్లో నలభై రెండు కిలోమీటర్లూ పూర్తి చేయాలి. ఆ లెక్కకి తగిన వేగంతో అందరి వెనకా ఒక వ్యాను వస్తుంది. అది దాటిపోయిందంటే పందెం అయిపోయినట్టే, ఎక్కి కూర్చోవాలి. జనాన్ని, బ్యాండునీ చూసిన ఉత్సాహంలో మొదటి పది కిలోమీటర్లూ ఆమె గంటా అయిదు నిమిషాల్లో లాగించేసింది. ఇరవై అయిదు దగ్గర కాళ్లు కొయ్యలయ్యాయి. ముప్పై ఒకటి దగ్గర వ్యాను పక్కకొచ్చి ఆగింది. లోపల తొమ్మిది మంది ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు కూర్చోవాలి కదమ్మా అని వ్యాను డ్రైవరు మంచి మాటే చెప్పాడు. ఆ మంచి మాటకే ఆమెకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక ఆడపడుచు ఒక్క ముక్క అంది. ఆమె పై అంతస్తులో ఉంటుంది, కబుర్లన్నీ కింద ఇంట్లోనే.

"పోనీలే వదినా, తిరిగి రావడానికి బండి పెట్టారుగా."

వదిన నవ్వేసింది. కానీ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మరుసటి ఏడు మళ్లీ పేరిచ్చింది. ఇంట్లో భర్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన చేతి గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదిలోనే బల్ల, కంటికి భూతద్దం, చిన్న చిన్న చిమటాలు. రోజుకి ఎన్ని మాటలు పలికాడో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈమె వెళ్లి బల్ల పక్కన నిలబడి, ఈసారి నలభై రెండూ నా వల్ల కాదు గానీ ముప్పై నాలుగు దాటాలని ఉంది, అంతే చాలు, అంది. పోయినేటికంటే మూడు కిలోమీటర్లు ఎక్కువ. ఎవరికీ బరువు కాని కోరిక. ఆయన భూతద్దం తీసి, కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాలు పడితే వ్యాను నిన్ను పట్టుకోదు, అన్నాడు. అంతకుముందే లెక్క వేసి పెట్టుకున్నాడన్నమాట.

అయిదు నెలలు సాధన చేసింది. నాలుగున్నరకి లేచేది. ఎనిమిదికి షిఫ్టు కాబట్టి ఏడింటికల్లా తిరిగి రావాలి. ఆస్పత్రి వెనక గోడ, బేకరీ, బస్సు డిపో, మూతపడ్డ సినిమా హాలు, కలప దుకాణం, మళ్లీ ఇల్లు. ఒక చుట్టు ఆరు కిలోమీటర్ల చిల్లర. కలప దుకాణం కుక్క మొదటి వారం వెంటపడింది, రెండో వారం మొరిగింది, మూడో వారం తల కూడా ఎత్తలేదు. తనని లెక్కలోంచి తీసేసినందుకు ఆమె కాస్త చిన్నబుచ్చుకుంది. సెలవు రోజుల్లో పొడుగు పరుగులు. కాలివేళ్ల గోళ్లు రెండు నల్లబడి ఊడిపోయాయి. మోకాలు పట్టేస్తే, ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ లాండ్రీకే వచ్చి, మైల దుప్పట్ల ట్రాలీని పట్టుకుని పిక్కలు ఎలా సాగదీయాలో చూపించింది. జోడీ కూడా పక్కన నిలబడి ఊరికే సాగదీసేది.

అన్నీ మంచి రోజులే కాదు. ఒక ఆదివారం ముప్పై చేద్దామని బయల్దేరి ఇరవై ఆరు దగ్గర బస్‌స్టాపు బెంచీ మీద కూలబడింది. షూ లోపల సాక్సు తడిసి ముద్దయింది. ఇంకొక్క అడుగు వేయలేనని తెలిసి బస్సెక్కి ఇంటికొచ్చింది. భర్త తన పుస్తకంలో తేదీ వేసి, "26, బస్సు" అని రాశాడు. ఓదార్చలేదు, అడగలేదు. పక్క వారం ఆమె ముప్పై చేసొచ్చింది. దాని కిందే "30" అని రాశాడు. ఆ రెండు అంకెలూ ఒకే సైజులో ఉండటం ఆమెకు ఎందుకో నచ్చింది.

పందెం రోజు ఆయన ఆమె మణికట్టుకి ఒక పాత గడియారం కట్టి, చేతిలో అరచేతంత అట్ట ముక్క పెట్టాడు. అయిదు కిలోమీటర్లకి ఎంత సమయం, పదికి ఎంత, పదిహేనుకి ఎంత అని ముప్పై అయిదు దాకా వరసగా రాసి ఉంది. తను అడిగింది ముప్పై నాలుగే కాబట్టి అది సరిపోతుందనుకుని జేబులో పెట్టుకుంది. సంగతి ఎలాగో పసిగట్టిన ఆడపడుచు, పదిన్నరకి మైదానానికి వచ్చి తీసుకెళతానంది.

అయిదున్నరకి బయల్దేరారు. బ్యాండు పోయినేటిలాగే మోగింది. ఈసారి ఆమె దాని మాట వినలేదు. అందరూ దాటిపోతుంటే దాటనిచ్చింది. ముసలాయన దాటాడు, ఇద్దరు పిల్లల తల్లి దాటింది, రెండు కాళ్లకీ కట్లు కట్టుకున్నాయన దాటాడు. అతను దాటినప్పుడు మాత్రం కొంచెం బాధ వేసింది. పది కిలోమీటర్లు గంటా ఇరవై రెండు నిమిషాల్లో అయ్యాయి. అట్ట మీద గంటా ఇరవై అయిదు ఉంది. బాగానే ఉందనుకుని అదే వేగంతో సాగింది.

ఎనిమిదిన్నరకి ఎండ ముదిరింది. ఆ నెలలో అంత ఎండ ఎవరూ అనుకోలేదు. ఇరవై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి దారి పొడుగునా మనుషులు కనబడ్డారు. చెట్టు కింద పడుకున్నవాళ్లు, ఫుట్‌పాత్ మీద తల పట్టుకున్నవాళ్లు, నెత్తిన నీళ్లు గుమ్మరించుకుని ఆగిపోయినవాళ్లు. ఆమెకు ముందు అర్థం కాలేదు. ఎండ ఉంది, నిజమే. కానీ ఇరవై రెండేళ్లు ఎనిమిదేసి గంటలు ఆవిరి కక్కే రోలర్ ముందు నిలబడ్డ మనిషికి ఆ ఎండ ఒక లెక్కా? వేడిలో గటగటా తాగకూడదని, గుక్కెడు గుక్కెడు ఉప్పు నీళ్లు తాగాలని, భుజాలు వదులుగా పెట్టుకుని ఊపిరి ముక్కుతోనే తీయాలని లాండ్రీలో అందరికీ తెలుసు. ఆమె ఇక్కడా అదే చేసింది. పొద్దున తనని దాటిపోయినవాళ్లని ఒక్కొక్కళ్లనే దాటడం మొదలుపెట్టింది. కట్ల మనిషిని దాటేటప్పుడు మర్యాదగా పక్కకి చూసింది.

ముప్పై ఒకటి బోర్డు వచ్చింది, వెళ్లింది. ముప్పై నాలుగు బోర్డు కింద ఆమె అసంకల్పితంగా వెనక్కి చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది. దారి తప్పానేమోనని ఆమెకు భయం వేసింది. నీళ్లిచ్చే బల్ల దగ్గర ఆగి వ్యాను ఎక్కడని అడిగింది.

బల్ల దగ్గరున్నావిడ ఫోన్ చూసి చెప్పింది. "ఇంకా ఒకటిన్నర కిలోమీటరు వెనకుందండి. ఎక్కుతారా, ఆగమని చెప్పనా?"

"వద్దొద్దు," అంది పాసింజరక్క. "రాకపోతే ఏం చేయాలో నేను అనుకోలేదు. అందుకే అడిగాను."

నిజంగానే అనుకోలేదు. అయిదు నెలలూ ముప్పై నాలుగునే కలగంది. దాని అవతల ఏముందో ఆలోచించలేదు. పరుగెత్తుతూనే జేబులోంచి అట్ట తీసింది. ముప్పై అయిదుతో అంకెలు అయిపోయాయి. ఎందుకో తిరగేసింది. వెనక వైపు అదే గుండ్రటి చేతిరాతలో నలభైకి ఎంత, నలభై రెండుకి ఎంత అని రాసి ఉంది. అడక్కుండానే రాశాడు, చెప్పకుండానే ఇచ్చాడు. తను ఆ లెక్కకంటే పదకొండు నిమిషాలు ముందుంది.

ఆ తర్వాత దూరం తేలిగ్గా ఏమీ పోలేదు. ముప్పై తొమ్మిది దగ్గర కుడి పిక్క ముడేసినట్టు పట్టేసింది. కరెంటు స్తంభం పట్టుకుని, ట్రాలీ దగ్గర నేర్చుకున్నట్టు సాగదీసింది. ఆ స్తంభం కిందే ఆమె వయసున్న ఒకాయన ఎండలో కూర్చుని ఉన్నాడు. ఇక నా వల్ల కాదండీ, ఇక్కడే ఆగిపోతాను, అన్నాడు. ఆగండి గానీ అటు నీడలో ఆగండి అని చెప్పి, చెయ్యిచ్చి లేపి, గోడ నీడ దాకా నడిపించి, తన దారిన తాను వెళ్లింది. కొంత నడిచింది, కొంత కుంటింది. నలభై బోర్డు దాటేసరికి ముందున్న పదకొండు నిమిషాల్లో ఏడే మిగిలాయి. వెనక ఎక్కడో వ్యాను హారన్ వినబడింది. బస్సు వెనక పరుగెత్తిన కోపమే మళ్లీ కాళ్లలోకి దిగింది. ఈసారి మాత్రం వెంటపడేది తను కాదు.

ఆఖరి మలుపులో చప్పట్లు వినబడ్డాయి. అవి తనకేనని గీత దాటాక గానీ ఆమెకు తట్టలేదు. ఎవరో మెడలో పతకం వేశారు. ఎదురుగా భర్త నిలబడి ఉన్నాడు. జనమంతా పైనున్న పెద్ద గడియారం చూస్తుంటే ఆయన తన చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"అయిదు గంటల యాభై రెండు నిమిషాలు," అన్నాడు. పైనున్న దాన్ని కూడా ఒకసారి చూసి, "వాళ్ల గడియారం మూడు సెకన్లు ముందుంది," అన్నాడు.

ఆమె ఆయన చొక్కా పట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ అలాగే నిలబడిపోయింది.

ఆడపడుచు మాత్రం అక్కడ లేదు. పదిన్నర నుంచీ మైదానం వెనక, ఆగిపోయినవాళ్లని వ్యాన్లు విడతలుగా తెచ్చి దించే చోట ఆమె కాపు కాస్తోంది. దిగిన ప్రతి ముఖాన్నీ వెతికింది. ఆఖరి వ్యాను కూడా ఖాళీ అయ్యాక ఆస్పత్రిలో ఏ వార్డులో పెట్టారోనని పరుగున వచ్చింది. పతకంతో నిలబడ్డ వదినని చూసి ఆగిపోయింది. తర్వాత ఆ పతకం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంటే, మొత్తం నువ్వే వచ్చావా వదినా?"

"మొత్తం నేనే వచ్చాను."

ఇంటి గుమ్మం ముందున్న నాలుగు మెట్లు ఎక్కడం కూడా ఆమె వల్ల కాలేదు. అన్నాచెల్లెళ్లిద్దరూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. చప్పుడుకి పక్కవాటాల వాళ్లు తలుపులు తీసి చూశారు. జోడీ ఫోన్ చేసి, లాండ్రీలో షిఫ్టు అంతా తన ఫోన్ చుట్టూనే ఉందని, ముందు తనకే చెప్పాలని పట్టుబట్టింది. ఆమె స్పీకర్ పెట్టించి, కాళ్లు బకెట్ నీళ్లలో పెట్టుకుని, మొదటి కిలోమీటరు నుంచీ వివరంగా చెప్పసాగింది. ఎవరు దాటారు, ఏ చొక్కా వేసుకున్నారు, నీళ్లు ఎక్కడ చల్లగా ఉన్నాయి, ఏదీ వదల్లేదు. ఆడపడుచు అడ్డం రాకుండా వింది. అది ఆ ఇంట్లో ఎన్నడూ జరగని సంగతి. పందొమ్మిదో కిలోమీటరు మధ్యలో మాట ఆగింది. ఫోన్‌లో అందరూ తర్వాతేమైందని అడుగుతున్నారు. ఆమె కుర్చీలోనే నిద్రపోయింది.