అంకుల్ నడక, నా డైనోసార్

కోట్ల ఏళ్ల కిందట అంతరించిపోయిన ఒక ప్రాణిని నేను దగ్గరుండి రెండోసారి అంతరింపజేశాను. మొదటిసారి దాన్ని చంపింది ఆకాశం నుంచి పడిన ఉల్క అంటారు. రెండోసారి ఆ పని చేసింది తార్నాకలో మా ఇంటి ఓనరు యాదగిరి అంకుల్. నవ్వండి, మీకేం పోయింది? నాకైతే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అప్పట్లో నేను యూనివర్సిటీలో ఎమ్మే చదువుతూ అంకుల్ వాళ్ల డాబా మీది గదిలో ఉండేవాణ్ణి. చదువుతూ అన్నది మా నాన్నకు చెప్పిన మాట. నిజానికి ఫోనులో వింత జంతువుల్ని పట్టి పెంచే ఆట ఆడుతూ ఉండేవాణ్ణి. అందులో నాకొక శిలాజం దొరికింది. ఫోను జేబులో వేసుకుని కిలోమీటర్ల కొద్దీ నడిస్తే ఆ రాతిలోంచి పాతకాలపు రాక్షస జంతువు ప్రాణంతో లేచి వస్తుంది. ఆదివారం లోపల లేవకపోతే రాయి మట్టయిపోతుంది. మా క్లాసులో ఇంకెవరికీ దొరకని రాయి! సోమవారం జంతువును చూపిస్తానని అందరి ముందూ డప్పు కొట్టుకున్నాను.

కానీ నడిచేదెవరండీ? క్యాంపస్ గేటు దాకా కూడా ఆటో ఎక్కే మనిషిని నేను. ఆటోలో తిరిగిన దూరాన్ని ఆ ఆట లెక్కలోకి తీసుకోదు, అంత అనుమానం దానికి! అప్పుడు పుట్టింది ఆ దిక్కుమాలిన ఆలోచన. అంకుల్‌కు షుగర్. డాక్టరు చెప్పాడని రోజూ పొద్దున్నే క్యాంపస్‌లో వాకింగ్‌కు పోతారు.

"అంకుల్, మీరెట్లాగూ నడుస్తరు గద. గీ ఫోను జేబుల ఏసుకోండ్రి. రాయికి ప్రాణమొస్తది."

"నేను నడిస్తే రాయికి ప్రాణమొస్తదా? గీ ముచ్చట జర మీ ఆంటీకి చెప్పు. నేను దేనికీ పనికిరానంటది."

మూడు రోజులు హాయిగా ముసుగుతన్ని పడుకున్నాను. గురువారం ఆట తెరిచి చూస్తే శిలాజం కదిలితే ఒట్టు! మర్నాడు నిద్ర చంపుకుని అంకుల్ వెనకాలే పోయాను. గేటు దాకా చేతులూపుకుంటూ ఠీవిగా నడిచిన పెద్దమనిషి, గేటు పక్క ఇరానీ హోటల్లో దూరి, ఛాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ కూర్చున్నాడు.

"అంకుల్! ఏంది గిది? నడుస్తలేరా?"

"గీడిదాకా నడిచే వచ్చిన గద."

"మరి నా రాయి?"

"నీ రాయి కోసం నా మోకాళ్లు అరగాల్నా? కూసో, ఛాయ్ తాగు."

ఎంత అన్యాయం! నమ్మి జంతువును చేతిలో పెడితే ఇదా చేసేది? మరి నువ్వు చేసిందేమిటయ్యా అంటారేమో, అది వేరే సంగతి, మధ్యలో అడ్డు రాకండి. ఆ కోపంలో తిన్నగా ఇంటికి పోయి ఆంటీకి చెప్పేశాను.

"బిస్కెట్లా?" ఆంటీ చేతిలో చపాతీ కర్ర ఆగిపోయింది. "షుగర్ దిగుతలేదని గా డాక్టర్‌ను తిట్టని రోజు లేదు గద బిడ్డా!"

ఇంతలో అంకుల్ వచ్చారు. వెంటనే ఆయనకు సంగతి అర్థమైంది.

"ఒక రాయి కోసం నా సంసారంల నిప్పు పెడ్తవా? రూం ఖాళీ చెయ్!"

"పిలగాడు యాడికీ పోడు," అంది ఆంటీ. "రేపట్నుంచి ఇద్దరూ పోండ్రి. నువ్వు హోటల్ దిక్కు చూస్తే గా పిలగాడు నాకు చెప్తడు. వాడు లేవకుంటే నువ్వు తలుపులు బాదు."

ఏ నడక తప్పించుకుందామని ఇంత చేశానో ఆ నడకే నా మెడకు చుట్టుకుంది. శనివారమంతా నడిచాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చెట్ల కింద, హాస్టళ్ల వెనక, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. ఆదివారం పొద్దుటికి ఇంకొక్క చుట్టు తిరిగితే రాయి పగులుతుంది. సరిగ్గా అప్పుడే నా పిక్క పట్టేసి బెంచీ మీద కూలబడ్డాను.

"కూసో బిడ్డా," అన్నారు అంకుల్, ఎన్నడూ లేనంత ప్రేమగా. "ఫోనియ్యి. గీ ఒక్క రౌండ్ నేను కొట్టొస్త."

ఈసారి నిజంగానే నడిచారు. నేను కళ్లారా చూశాను. చెమటలు కక్కుతూ, నవ్వుతూ తిరిగొచ్చారు.

"వచ్చిందా అంకుల్?"

"వచ్చింది! ఇంత మెడ, ఇంతింత రెక్కలు. మస్తుగున్నది. దాన్ని ఉంచుకుంటవా, వదిలేస్తవా అని ఫోను నన్నే అడిగింది."

"మీరేమన్నరు?"

"అన్ని కోట్ల ఏండ్లు రాయిల ఇరుక్కున్నది, పాపం. మళ్ల పట్టి బోనుల ఏస్తమా? వదిలేయమన్న."

ఫోను లాక్కుని చూశాను. రాయీ లేదు, జంతువూ లేదు. అంకుల్ పక్కనే కూర్చుని చెమట తుడుచుకుంటూ ఇంటి వైపు చూశారు.

"నన్ను గూడ ఎవరన్న గిట్ల అడిగితే బాగుండు," అన్నారు.

ఆ బెంచీ మీదే, పట్టేసిన పిక్క మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో నా ఫోను పరాయి కాళ్లకు అప్పగించను. ఒకవేళ అప్పగించాల్సి వచ్చినా, ఇంట్లో ఆంటీ ఉన్న మగాడికి మాత్రం చచ్చినా అప్పగించను.