పైలట్ సీటుకు చీరల బేరం

ఆ రోజుల్లో విజయవాడ వన్‌టౌన్‌లో చీరల కొట్టువాడి ఇంట మగపిల్లవాడు పుట్టాడంటే, వాడికి ఉద్యోగం కూడా అప్పుడే వచ్చేసినట్టు లెక్క. నన్నూ అలాగే, కూర్చోవడం చేతకాగానే కొట్లో తెల్లపరుపు మీద కూర్చోబెట్టారు. అక్షరాలకంటే ముందు అంచులూ కొంగులూ నేర్చుకున్నాను. అలాంటివాడికి ఆకాశంలో ఎగరాలన్న కోరిక ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో మా వాళ్ళెవరికీ అంతుపట్టలేదు (నాకూ అంతుపట్టలేదు, కాని నేనది బయటికి చెప్పలేదు). బంగ్లాదేశ్ యుద్ధం అయ్యాక పేపర్లలో పైలట్ల ఫొటోలు చూసి మా కాలేజీలో కుర్రాళ్ళందరూ మీసాలు పెంచారు. అందరికీ అక్కడితో తీరిపోయింది, నాకు మాత్రం తీరలేదు. గన్నవరంలో దిగే విమానం మా బజారు మీదుగా పోతుంటే సగం మడిచిన చీర వదిలేసి వీధిలోకి పరిగెత్తేవాణ్ణి. లోపల్నించి నాన్న కేకేసేవాడు, "ఏరా, విమానం చీర కొంటుందంటరా? లోపలికి రా!"

మా కొట్టు పద్ధతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. మేం మంచి చీర ముందు చూపించం. పెదవి విరిచే చీర ఒకటి ముందు పరుస్తాం, తర్వాత అసలుది తీస్తాం. కొనేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకని వాళ్ళు ధర విని, "అబ్బే, మాకొద్దులెండి" అని లేచి వెళ్ళిపోతారు. వెళ్ళిపోవడమంటే నిజంగా వెళ్ళిపోవడం కాదు. చెప్పులు వెతుక్కోవడం, సంచీ సర్దుకోవడం, చంటివాడి ముక్కు తుడవడం, ఇలా నెమ్మదిగా కదులుతారు. వాళ్ళు పక్క కొట్టు అరుగు దాటక ముందే నాన్న "రండమ్మా, రండి, మీ మాటే కానివ్వండి" అని పిలవాలి. పిలుస్తాడని వాళ్ళకు తెలుసు, పిలుస్తానని ఆయనకూ తెలుసు.

ఈ విద్యలో ఆరితేరినావిడ భవానీపురం నుంచి వచ్చే టీచరమ్మ. ఏటా క్రిస్మస్ ముందు మంగళగిరి తెల్లచీర కొనడానికి వచ్చేది. "షావుకారుగారూ, ఈ ధరకి నేను మగ్గమే కొనుక్కుంటానండీ" అని లేచేది. "మగ్గం కొంటే నేసేవాడికి జీతం ఎవరిస్తారమ్మా, కూర్చోండి" అనేవాడు నాన్న. ఒక సంవత్సరం నాన్నకేదో చిరాకుండి పిలవలేదు. ఆవిడ పక్క అరుగూ దాటింది, ఆ పైదీ దాటింది. కాసేపటికి తనే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్న ఒక్క మాట అనలేదు. సోడా తెప్పించి, అదే చీర మళ్ళీ మడత విప్పి ఆవిడ ముందు పరిచి, ఆవిడడిగిన ధరకే ఇచ్చాడు. ఆవిడ వెళ్ళాక నేను నవ్వితే గట్టిగా కసిరాడు. "తిరిగొచ్చిన మనిషి మొహం చూసి నవ్వకూడదురా. వాళ్ళు ఎంత ఇష్టపడితే వస్తారు!"

డిగ్రీ అవుతూనే విమానదళానికి దరఖాస్తు పెట్టాను. ఎంపిక పరీక్షలకి మైసూరు రమ్మని పిలుపొచ్చింది. నాన్న భోజనం దగ్గర తీర్పు చెప్పాడు: "ఒక్కసారే. రాకపోతే ఇక జన్మలో విమానం ఊసెత్తకుండా గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి." నేను రెండు అవకాశాలడిగాను. ఆయన అన్నం మీంచి లేవబోయాడు. ఒకదానికే ఒప్పుకున్నాను. (పైలట్ పరికరం మీద పెట్టే పరీక్ష మనిషికి జన్మలో ఒక్కసారేనని అక్కడికి వెళ్ళాక తెలిసింది. నాన్నా, విమానదళమూ ఒకే రేటు మీద ఉన్నారు.) ఇంటర్వ్యూ ఇంగ్లీషు నేర్పింది టీచరమ్మే. సాయంత్రాలు వాళ్ళింటి వరండాలో కూర్చోబెట్టి, "అడిగినదానికి జవాబు చెప్పు బాబూ, అమ్మకానికి పెట్టకు" అని పదేపదే చెప్పేది. పాపం, ఆవిడకేం తెలుసు నాకు వేరే విద్య లేదని.

మైసూరులో మా ఛాతీల మీద నంబర్లు కట్టారు. ధర చీటీ అంటించిన చీరల్లా మేమంతా వరుసగా నిలబడ్డాం. ఆ జన్మకొక్కసారి పరీక్ష గట్టెక్కింది. కాళ్ళతో ఒకటి తొక్కుతూ, చేత్తో ఒకటి తిప్పుతూ, వెలిగే దీపాలు ఆర్పుతూ ఉండాలి. కొట్లో ఒకావిడకి చీర చూపిస్తూ, ఇంకోవిడకి ధర చెప్తూ, మూడో ఆవిడ పిల్లవాడు జరీ అంచు నోట్లో పెట్టుకోకుండా మోకాలితో ఆపుతూ పెరిగినవాడికి అదేమంత కష్టమనిపించలేదు. తాడు కట్టి గొయ్యి దాటడాలవీ అయ్యాయి. మిగిలింది ఇంటర్వ్యూ.

పొడుగాటి గది, చివర బల్ల, బల్ల వెనక నెరిసిన మీసాల అధికారి. (సంభాషణ ఇంగ్లీషులో జరిగింది. నా ఇంగ్లీషు ఉన్నదున్నట్టు రాస్తే టీచరమ్మ ఆత్మ క్షోభిస్తుంది కనక తెలుగులోనే చెప్తున్నాను.) ఊరూ, చదువూ, కృష్ణ బ్యారేజీ గేట్లూ, అన్నీ అడిగాడాయన. మా జరీ అంచుల గురించి నేను చెప్తుంటే ఆసక్తిగా విన్నాడు కూడా. అంతలో, "ఫ్లయింగ్‌లో ఖాళీ లేదనుకో, నేల మీద ఉద్యోగం ఇస్తే చేస్తావా?" అన్నాడు.

నాకు లోపల గంట మోగింది. ఇది ముందు పరిచే చీర! అసలుది బీరువాలో ఉంది! ఇరవయ్యేళ్ళ శిక్షణ ఒక్కసారిగా నా ఒంట్లోకి దిగింది. "క్షమించండి సార్, నాకు పైలట్ తప్ప వద్దు. ఇంటి దగ్గర కొట్టుంది, నాన్న ఎదురుచూస్తుంటాడు. వస్తాను" అని లేచాను. దణ్ణం పెట్టి తలుపు వైపు నడిచాను. పరిగెత్తలేదు, పద్ధతి ప్రకారమే నడిచాను. కాలర్ సర్దుకున్నాను. ఛాతీ నంబరు సరిచేసుకున్నాను. చంటివాడు లేడు కనక నా ముక్కే తుడుచుకున్నాను. ఆయన పిలవలేదు. తలుపు పిడి మీద చెయ్యేసి ఆగాను. పిలవలేదు. తలుపు తీశాను, బయటికొచ్చాను, వేశాను.

వరండాలో నా తర్వాతి నంబరు, కాకినాడ కుర్రాడు, బెంచీ మీంచి లేచాడు. "అప్పుడే అయిపోయిందాండీ?"

"ఏమో తెలీదండీ."

"తెలీకపోవడం ఏంటండీ? వెళ్ళమన్నారా మిమ్మల్ని?"

"వెళ్ళమనలేదండీ. నేనే వచ్చేశాను."

అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు తెలిసొచ్చింది నాకు. ఆ అధికారికి విమానం అమ్మాల్సిన అవసరం లేదు. కొట్టు ఆయనది కాదు, బోణీ కోసం చూస్తూ కూర్చోలేదు. కొనాల్సిన అవసరం మొత్తం నాదే. జన్మంతా గల్లాపెట్టె దగ్గర కూర్చుని, పైన విమానం మోత వినబడితే తలెత్తకుండా చీరలు మడవడం కళ్ళ ముందు కనబడింది. గుమ్మంలో నిలబడిన టీచరమ్మ కూడా కనబడింది. తలుపు తట్టాను.

"లోపలికి రావచ్చా సార్?"

"ఇంటర్వ్యూ అయిందని నేను చెప్పలేదే. ఎక్కడికెళ్ళావు?"

అబద్ధం చెప్దామంటే ఇంగ్లీషులో అల్లే పాటి శక్తి లేదు. నిజమే చెప్పేశాను. "సార్, మా దగ్గర కొనేవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. కొట్టాయన వెనక్కి పిలుస్తాడు. మీరు పిలుస్తారనుకున్నాను."

ఆయన మీసం కదిలింది, కాని నవ్వలేదు. "పిలవకపోతే ఏం చేస్తారు?"

"చీర నిజంగా నచ్చితే తిరిగొస్తారు సార్."

"వస్తే మీ నాన్న ఏమంటాడు?"

"ఏమీ అనడు సార్. సోడా తెప్పించి అదే చీర మళ్ళీ పరుస్తాడు."

ఆయన తన ముందున్న మంచినీళ్ళ గ్లాసు మూత తీసి బల్ల మీద నా వైపు జరిపాడు. "కూర్చో. ఎక్కడున్నాం? ఆఁ, నేల మీద ఉద్యోగం ఇస్తే చేస్తావా?"

"ఇస్తే చేస్తాను సార్. అడగడం మాత్రం విమానమే అడుగుతాను."

మర్నాడు నంబర్లు పిలిచారు. గుంపులో కొద్దిమందే మిగిలారు, అందులో నేనొకణ్ణి. ఆ అధికారిని మళ్ళీ చూడలేదు. పేరు కూడా తెలియదు. కాని ఆ మంచినీళ్ళ చల్లదనం ఇన్నేళ్ళ తర్వాత కూడా గొంతులో ఉంది.

ఇంటికొచ్చి చెప్తే నాన్న చీరలు మడుస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కటే అడిగాడు.

"పైన ఇంజను ఆగితేనో?"

"పారాషూట్ ఉంటుంది నాన్నా. గొడుగులా విచ్చుకుంటుంది."

"గుడ్డదేనా?"

"నైలానంట."

"కుట్లు లాగి చూసి మరీ తీసుకో. ముందిచ్చింది తీసుకోకు, ఇంకోటి చూపించమను. మంచివి లోపల పెడతారు."

ఒప్పుకున్నట్టు ఆయన చెప్పిన మాట అదొక్కటే.

శిక్షణకు వెళ్ళేనాడు స్టేషన్‌కొచ్చాడు. పెట్టె సీటు కింద తోసి, కిటికీ దగ్గర నిలబడి, "కదిలేదాకా ఎందుకు, కొట్టు తెరవాలి, నేనెళ్తా" అని తిరిగాడు. నేను సరేనన్నాను. ఆయన వెళ్తుంటే వెనకనుంచి చూస్తున్నాను. టీ కొట్టు దగ్గర ఆగి చెప్పు సర్దుకున్నాడు. కాస్త నడిచి, కండువా దులిపి మళ్ళీ వేసుకున్నాడు. పుస్తకాల కొట్టు ముందు ఆగి చూడసాగాడు, జన్మలో పుస్తకం కొనని మనిషి. అప్పటికి గాని నాకు వెలగలేదు. ఆ నడక నాకు తెలుసు! కిటికీ ఊచలకి మొహం ఆనించి అరిచాను, "నాన్నా!"

పుస్తకాల కొట్టు దాటక ముందే వెనక్కి తిరిగాడు. గబగబా వచ్చాడు. "ఏందిరా, ఏమన్నా మర్చిపోయావా?"

"లేదు నాన్నా. ఊరికే."

"ఊరికేనా" అని కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. రైలు కదిలేదాకా ఆ ఊచ వదల్లేదు. కొట్టు తెరవాలన్న సంగతి నేను గుర్తుచేయలేదు.

విమానాలు నడిపి, రిటైరై, మళ్ళీ ఈ ఊరే చేరాను. పొద్దున్నే కూరగాయల బజారుకెళ్ళి ఇప్పటికీ వంకాయల దగ్గర లేచి వెళ్ళిపోతుంటాను. మోకాళ్ళ వల్ల నడక ఎలాగూ నెమ్మదే, నటించక్కర్లేదు. ఈమధ్య ఎవరూ పిలవడం లేదు. చివరిదాకా వెళ్ళి, కాసేపు కొత్తిమీర చూస్తున్నట్టు నిలబడి, తిరిగొస్తాను. వంకాయల బుట్ట దగ్గరి అమ్మాయి తలెత్తకుండానే, నవ్వకుండానే, అవే వంకాయలు మళ్ళీ తక్కెట్లో వేస్తుంది. నేను సంచీ తెరిచి పట్టుకుంటాను.