భయమెరిగిన వీరుణ్ణి రాసిన గంగులప్ప సార్

గంగులప్ప సార్ కన్నుమూసిన రోజున నేనొక తప్పు చేశాను. అది ఒప్పుకుంటే గాని ఆయన గురించి రాసే అర్హత నాకు రాదు.

తెల్లవారుతూనే పుంగనూరు నుంచి ఫోను. గుండెపోటు వచ్చిందనీ, ఆసుపత్రికి చేరేలోపే సార్ పోయారనీ చెప్పారు. నమ్మలేకపోయాను. ముందురోజే కొత్త పుస్తకం కథంతా ఉత్సాహంగా చెప్పిన మనిషి! మదనపల్లెలో నాది ఫ్లెక్సీలు అచ్చువేసే అంగడి. సార్ పుస్తకాలన్నింటికీ బొమ్మలు వేసింది నేనే. ఏడుస్తూనే కంప్యూటర్ ముందు కూర్చుని, సార్ ముఖాన్ని ఆయన కథానాయకుడు మొయిలప్ప దేహానికి అతికించాను. విరిచిన ఛాతీ, వెనుక మెరుపులు, కింద ‘భయమెరుగని వీరునికి అశ్రునివాళి’. తీసుకెళ్లి పుంగనూరులో వాళ్లింటి ముందు కట్టించాను.

సార్ భార్య నాగరత్నమ్మ గారు బయటికొచ్చి చూశారు.

“ఇదెవరప్పా?”

“సారేనమ్మా.”

“ఆయప్పకి బయం లేకుండా యాడుండె? పేజీ రాసేది, వంటింట్లోకి వచ్చేది, ‘తప్పు రాసినానేమో రత్నా’ అనేది. ఇన్నేండ్లు బొమ్మలేసినావు, నీకు తెలిసింది ఇంతేనా? కడా పుస్తకానికి గూడా ఇట్లనే ఏసేదైతే వద్దులేప్పా. బొమ్మ లేకుండానే అచ్చేస్తాం.”



మొయిలప్పను ఎరగనివారి కోసం చెబుతాను. మబ్బును చేత్తో పట్టి, కావలసిన చోటికి లాక్కొచ్చే మనిషి! వానకు మొహం వాచిన మా నేలకు ఇంతకన్నా మహాశక్తి ఏముంటుంది? తొలి పుస్తకం రాతప్రతి చదువుతూ, అంగట్లోకి వచ్చినవాళ్లను కూడా పట్టించుకోలేదు నేను. ఆ ఊపులోనే కండలు తిరిగిన బొమ్మ వేసి చూపించాను. సార్ చాలాసేపు చూశారు.

“కండలు బలే ఏసినావప్పా ఆర్టిస్టూ. మనసు యాడ ఏసినావు, సూపీ?”

నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత కూడా ఆ కండలే వేస్తూ వచ్చాను. జనానికి కావలసింది అదేనని నా అహంకారం.

జనం నాకన్నా తెలివైనవాళ్లు. రెండో పుస్తకంలో బి.కొత్తకోట దగ్గర శెనక్కాయ ఎండిపోతూ ఉంటుంది. అంగళ్లు అనే ఊరి దగ్గర టమోటా కోతకొచ్చి ఉంటుంది. మొయిలప్ప వాన తెస్తాడు. శెనక్కాయ బతుకుతుంది, టమోటా కుళ్లిపోతుంది. గెలిచిన వీరుడు గుట్టమీద ఒంటరిగా కూర్చుని ఏడుస్తాడు.  ఆ పుస్తకం వచ్చాక ఒకరోజు సార్, నేను మదనపల్లె టమోటా మార్కెట్లో టీ తాగుతున్నాం. పక్కన ఇద్దరు రైతులు అరుచుకుంటున్నారు.

“వాన తేవాల్సిందేబ్బా! పైరు ఎండిపోతాంటే సూస్తా కూకుంటాడా?”

“నీది శెనక్కాయ గాబట్టి అంటాండావు. నా తోటకొచ్చి సూడు, కాయంతా పగిలిపోయిండాది.”

“ఓరి నీ పాసుగాల! మొయిలప్ప నిజంగా ఉండాడనుకుంటాండావా?”

“లేకపోతే నువ్వు యాల అరుస్తాండావు?”

సార్ టీ గ్లాసు పక్కన పెట్టి వాళ్లవైపు తిరిగి కూర్చున్నారు. అంత ఆనందంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు.

సార్‌ది పుంగనూరు దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. ఇలాంటి వీరుడు ఎలా తోచాడని ఒకసారి అడిగాను.

“ఒక కరువులో గుంతలో నీళ్లు కొంచెమే ఉండె. మా నాయన పెద్దమనిషి. ఎవరి గొర్లు ముందు తాగాల్నో ఆయనే చెప్పాల. అందరూ ఆయన మొగమే సూస్తాండారు. ఆ పొద్దు మా నాయన చేతులు వణికినాయప్పా. బలం లేనోనికి ఒకటే బాధ, చేయలేకపోతినే అని. బలమున్నోనికి రెండు. చేస్తే ఒకటి, చేయకపోతే ఒకటి.”

ఇంత విన్నవాణ్ణి, ఆయన పోయిన రోజున ఆయన్నే భయమెరుగనివాణ్ణి చేశాను.

ఆ పూటే ఫ్లెక్సీని నా చేతులతో విప్పాను. ముందురోజు సార్ చెప్పిన ఆ చివరి కథ కుప్పంలో జరుగుతుంది. ఉన్నది ఒకటే మబ్బు. తెలుగు, కన్నడ, అరవ పల్లెలవాళ్లు మూడు వైపులా చుట్టుముట్టి అడుగుతారు. మొయిలప్ప మొదటిసారి మబ్బును లాగడు. వాళ్ల మధ్యన కూర్చుని, “నాకు తెలీడంల్యా, మీరే చెప్పండప్పా” అంటాడు. మహాబలుని నోట ఎంత గొప్ప మాట! కర్మంత్రం అయ్యాక బొమ్మ కోసం కుప్పం పోయాను. స్టేషనులో కూరగాయల మూటలతో రైలుకు కాచుకున్న మనుషుల ముఖాలు చూస్తూ, వేస్తూ, చింపుతూ కూర్చున్నాను. చివరికి కుదిరిన బొమ్మను నాగరత్నమ్మ గారి ముందు పెట్టాను. భుజాలు జారి, నేలమీద కూర్చున్న మొయిలప్ప. ఆమె దగ్గరగా పట్టుకుని చూశారు.

“ఈయప్ప పొద్దున్నించి అన్నం తిన్లేదు గదా?”

“లేదమ్మా.”

“తెలస్తాండాది. పో నాయనా, అచ్చుకియ్యి.”

ఆ రోజే ఇచ్చేశాను. బొమ్మ కింద సంతకం పెట్టే చోట ఈసారి నా పేరు రాయలేదు. ‘సార్ చెప్పినట్టు’ అని రాశాను. ఇకమీదట ఏ బొమ్మ కిందా ఆ మాట రాసుకోలేను.