మ్యాచ్ మధ్యలో కూర్చున్న కెప్టెన్

డిగ్రీ మొదటి సంవత్సరంలో నేను మా కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్‌ని అయ్యాను. ఎందుకయ్యావని అడిగితే సరైన జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. ఆటల సార్ ఒకరోజు వరండాలో నన్ను ఆపి, స్కూల్లో ఏమాడేదానివని అడిగారు. త్రోబాల్ అన్నాను.

"మంచిగైంది. చేతులతోని ఆడేది గోల్‌కీపర్ ఒక్కతే," అని పేరు రాసుకుని వెళ్లిపోయారు. ఒప్పుకున్నానో లేదో ఆయన చూడలేదు. నేనూ చూసుకోలేదు.

రాజమండ్రి నుంచి వచ్చి యాప్రాల్‌లో స్థిరపడిన కుటుంబం మాది. మా ఇంట్లో ఆట అంటే క్రికెట్, అదీ టీవీలోనే. విషయం చెబితే అమ్మ చాలాసేపు ఆలోచించి, "ఎండలోనా?" అని మాత్రం అడిగింది. దాన్ని అనుమతిగా తీసుకున్నాను.

కాలేజీకి గ్రౌండ్ లేదు. లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనకున్న ఖాళీ స్థలంలో పొద్దున్నే ప్రాక్టీస్ చేసేవాళ్లం. ఆ చోటు చూపించింది మా కెప్టెన్. ఫైనల్ ఇయర్ చదువుతున్న ఆ అక్క అక్కడే పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న వర్క్‌షాపులో ఫిట్టర్. చిన్నప్పటినుంచి ఆ క్వార్టర్ల మగపిల్లలతో ఆడి, బంతిని కాలికి కట్టేసుకున్నట్టు తీసుకెళ్లేది. మా జట్టులో అంతకుముందు ఫుట్‌బాల్ ఆడింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లలో కొందరు ఖోఖో పిల్లలు, ఒకమ్మాయి పరుగుపందేల్లోంచి వచ్చింది, ఇంకొకమ్మాయి అటెండెన్సు కలుస్తుందని వచ్చింది.

కాలేజీల మధ్య పోటీల్లో మొదటి మ్యాచ్‌లోనే నా తెలివి బయటపడింది. మా డిఫెన్స్ అమ్మాయి బంతిని నావైపు తన్నింది. నేను ఆనందంగా రెండు చేతులతో పట్టుకున్నాను. రిఫరీ విజిల్ ఊదాడు. మనవాళ్లు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదట. గోల్ దగ్గరే ఎదుటివాళ్లకు ఫ్రీ కిక్ ఇచ్చి, రిఫరీ ఒక చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. వాళ్ల అమ్మాయి గట్టిగా తన్నింది. బంతి ఎవరికీ తగలకుండా నేరుగా వలలో పడింది. నేను తల పట్టుకుని కూలబడ్డాను. చూస్తే మావాళ్లు గంతులేస్తున్నారు. చెయ్యెత్తి ఇచ్చిన ఫ్రీ కిక్‌లో మధ్యలో ఇంకెవరికైనా తగిలితే తప్ప గోల్ చెల్లదని కెప్టెన్ అక్క పరిగెత్తుకొచ్చి చెప్పింది. ఏడవాలో నవ్వాలో తెలియక బంతి తీసి ఆమెకే ఇచ్చాను. దాన్నెక్కడ పెట్టి తన్నాలో కూడా ఆమే చూపించింది.

ఆ మ్యాచ్ గెలిచాం. గోల్ ఆమె కొట్టింది. తర్వాతి మ్యాచ్‌లూ అలాగే నడిచాయి. మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, బంతి కాలికి తగలగానే అక్క ఎక్కడుందో చూసి అటు తన్నడం. పేపర్లో మా కాలేజీ పేరు చిన్న అక్షరాల్లో వచ్చింది. సీతాఫల్‌మండిలో మేం టిఫిన్ చేసే బండి దగ్గర ఇడ్లీలు పెట్టే ఆయన కూడా ఎన్ని గోల్స్ అని అడిగేవాడు. మేం మంచి జట్టేనా కాదా అన్న అనుమానం నాకు తరచూ వచ్చేది. గెలుస్తున్నాం కాబట్టి మంచి జట్టే అయ్యుండాలి అనుకునేదాన్ని.

సెమీఫైనల్లో హాఫ్ టైమ్‌కి ఒక గోల్ ముందున్నాం. రెండో సగం మొదలైన కాసేపటికి మైదానం అవతలి కొసన కెప్టెన్ అక్క పరుగు ఆపి నడవడం కనిపించింది. పక్క గీత దాకా నడిచి, గీత దాటి, గడ్డిలో కూర్చుంది. తర్వాత బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది.

కాలు పట్టేసిందనుకున్నాను. సార్ ఆమె దగ్గరికి పరిగెత్తారు. ఆమె తల అడ్డంగా ఊపింది. సార్ కోప్పడ్డారు, బతిమాలారు, మళ్లీ కోప్పడ్డారు. చివరికి బెంచీ మీద మిగిలిన అటెండెన్సు అమ్మాయిని లోపలికి పంపారు. ఈలోగా మావాళ్లందరూ నిలబడి అటే చూస్తున్నారు. ఆట మొదలయ్యాక కూడా కొందరు అటే చూస్తూ ఉండిపోయారు. ఎదుటి జట్టు తీరిగ్గా వచ్చి గోల్ కొట్టింది. నేను కూడా అటే చూస్తున్నాను కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

ఆ తర్వాత నేను అరవడం మొదలుపెట్టాను. గోల్ దగ్గర్నుంచి మైదానమంతా నాకే కనిపిస్తుందని ఆ రోజే తెలిసింది. ఎడమవైపు ఖాళీగా ఉంది, వెనక మనిషి ఉంది, అని నోటికొచ్చినట్టు అరిచాను. ఎవరో ఒకరు వినేవారు. అలా సమంగా ముగించి పెనాల్టీల్లో ఓడిపోయాం. నేను కొన్ని ఆపాను. సరిపోలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత ప్రాక్టీస్‌కి రాలేదు, ఫోనెత్తలేదు. జట్టులో తలా ఒక మాట అన్నారు. ఎదుటి జట్టులో ఆమె స్నేహితులున్నారని ఒకరు, సార్‌తో గొడవపడిందని ఒకరు. నాకేదీ నమ్మబుద్ధి కాలేదు, కొట్టిపారెయ్యడానికీ ఆధారం లేదు. మూడో స్థానం కోసం ఇంకో మ్యాచ్ మిగిలింది. దానికి ముందు ఒక సాయంత్రం వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను.

వాళ్ల నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చారు. నన్ను కూర్చోబెట్టి, తనే చాయ్ పెట్టి తెచ్చారు. "నేను సుత అడిగిన బిడ్డా. చెప్తలేదు," అని మెల్లగా అని బయటికెళ్లారు. అక్క మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఏమైందని అడిగాను.

"ఏమైందో నాకే సమజైతలేదే," అంది. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టింది. "బంతి ఎవరి దగ్గరున్నా అందరి కండ్లు నా మీదనే. పాస్ ఇస్తరు, నిలబడ్తరు. ఆ రోజు కాళ్లు ఇగ నడువం అన్నయి. కావాలని కూర్చోలే."

"మాకు ఒక్క మాట చెప్పొచ్చు కదక్కా?"

"హాఫ్ టైమ్‌ల చెప్పిన. ఇగ నాతోని కాదు, మీరే ఆడుకోండ్రి అన్న. అందరు నవ్విన్రు."

గుర్తొచ్చింది. నిజంగానే అంది. ఆమె ఎప్పుడూ అలాంటి మాటలతో మమ్మల్ని ఆటపట్టించేది కాబట్టి నవ్వాం. ఆ మాట కూడా నవ్వుతూనే అంది మరి. ఆమె మీద కోపంతో వెళ్లిన నేను ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియక కూర్చున్నాను. మ్యాచ్‌కి రమ్మని అడిగానో లేదో కూడా గుర్తులేదు. చాయ్ తాగి వచ్చేశాను.

మ్యాచ్ రోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. వెనక, డిఫెన్స్‌లో ఆడతానని సార్‌ని అడిగింది. సార్ ఆమెను ఎగాదిగా చూసి, కెప్టెన్ పట్టీ నాకిచ్చారు. ఆమే దాన్ని నా చేతికి కట్టింది. ఆ రోజంతా నాకు కొంచెం ముందు ఎడమవైపున నిలబడి వచ్చిన బంతినల్లా దూరంగా తన్నింది, ముందుకి మాత్రం వెళ్లలేదు. నేను అరిచిన వైపల్లా జరిగింది. ఫుట్‌బాల్ తెలిసిన మనిషికి తెలియని నేను చెప్పడమేమిటని ప్రతిసారీ నోరు తడబడేది.

రెండు గోల్స్ తిన్నాం. ఒకటి కొట్టాం. కొట్టింది అటెండెన్సు అమ్మాయి, ఎలా కొట్టిందో ఆమెకే తెలియదు, బంతి మోకాలికి తగిలి లోపలికి పోయింది. అందరం వెళ్లి ఆ పిల్ల మీద పడ్డాం. వెనక్కి తిరిగితే కెప్టెన్ అక్క ఉన్నచోటే నిలబడి మొహం చొక్కాతో తుడుచుకుంటోంది. అది చెమటో ఏడుపో అంత దూరం నుంచి తెలియలేదు. దగ్గరికి వెళ్లేసరికి, "నడువు, గోల్ల నిలబడు," అంది.

నాలుగో స్థానంతో ఆ సీజన్ ముగిసింది. ఆమె డిగ్రీ పూర్తిచేసి ఉప్పల్ వైపు ఒక ఆఫీసులో చేరింది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. జీతం గురించి, మెట్రోలో రద్దీ గురించి, వాళ్ల నాన్న రిటైర్‌మెంటు గురించి చెబుతుంది. ఒకసారి ఆమె మెట్రోలోంచి మాట్లాడుతుంటే, ఆడుతున్నావా అక్కా అని అడిగాను. ఆదివారాలు క్వార్టర్ల పిల్లలతో ఆడుతున్నానంది. ముందా, వెనకా అని అడగాలనిపించింది. ఈలోగా ఆమె దిగాల్సిన స్టేషన్ వచ్చింది.