ఎర్ర నల్లా ఎమ్మెస్సీ

ఒక్క సీసా పగలగొట్టకుండా, ఒక్క నిప్పురవ్వ రాల్చకుండా, ఒక యూనివర్సిటీలో మూడో అంతస్తు మొత్తాన్ని మెట్ల మీదికి పరుగెత్తించిన మొనగాణ్ణి నేను. ఎలాగో చెబుతాను. విన్నాక నాకు కెమిస్ట్రీ డిగ్రీ ఎవరిచ్చారని మాత్రం అడగొద్దు. పాపం, వాళ్ళింకా ఉద్యోగాల్లోనే ఉన్నారు.

కరోనా కాస్త సద్దుమణిగిన ఎండాకాలం అది. దుబాయ్ జెబెల్ అలీలో ఒక రంగుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నేను అసిస్టెంట్‌ని. జుట్టు నెరిసే వయసులో ఎమ్మెస్సీ మీద మనసు పడి, సెలవు రోజుల్లో క్లాసులకు పోయేవాణ్ణి. "పాసైతే కెమిస్ట్ కుర్చీ నీది, ఫెయిలైతే సెలవు రోజున కూడా డబ్బాల దగ్గరే ఉండు" అన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు. అన్నీ గట్టెక్కి ఒక్క ప్రాక్టికల్ మిగిలింది. అది అప్పటికే ఒకసారి తప్పాను. ఇంకోసారి తప్పితే ఖలాస్, యూనివర్సిటీలో పేరు కొట్టేస్తారు.

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. ఇథైల్ ఫార్మేట్ అనే ద్రవాన్ని తయారుచేసి, మరిగించి, ఆ ఆవిరిని కండెన్సర్ అనే గాజు గొట్టంలోంచి పంపాలి. గొట్టం చుట్టూ చల్లనీళ్ళు పారుతుంటే ఆవిరి చుక్కలు చుక్కలుగా మారి అవతలి సీసాలో పడుతుంది. ఆ సీసా ప్రాక్టికల్ చూసే మేడమ్ చేతిలో పెడితే పాస్.

నాకు జోడీ సౌమ్య. అమ్మానాన్నలది అమలాపురం, పిల్ల షార్జాలోనే పుట్టి పెరిగింది. వయసులో నాకు సగం, తెలివిలో రెట్టింపు.

ప్రాక్టికల్ రోజున చల్లనీళ్ళ కోసం నీలం గుర్తున్న నల్లా తిప్పి వేలు పెట్టాను. పెట్టినంత వేగంగా తీశాను. ఇక్కడి ఎండలు ఎరగనివాళ్ళకు ఒక మాట. మిద్దె మీద ట్యాంకు కాగి కాగి, ఎండాకాలం చల్లనీళ్ళ నల్లా కింద చాయ్‌పత్తా పెడితే డికాషన్ దిగిపోతుంది. అందుకని ఇళ్ళల్లో గీజర్ ఆపేస్తాం. అందులో నిలవున్న నీళ్ళు ఏసీకి చల్లబడతాయి. దుబాయ్‌లో చల్లగా స్నానం చేయాలంటే ఎర్ర గుర్తే తిప్పాలి. ఇంత జ్ఞానం నా దగ్గర పెట్టుకొని ఊరుకుంటానా?

"బిడ్డా, పైపు ఎర్ర నల్లాకు తగిలిద్దాం."

"అంకుల్, అది వేణ్ణీళ్ళదండి."

"మీ ఇంట్ల ఇప్పుడు ఏ నల్లా నీళ్ళు పోసుకుంటున్నవ్?"

"ఎర్రదేనండి."

"మరి? కెమిస్ట్రీ ఇంట్ల ఒకటి, ఈడ ఒకటి ఉంటదా? వేలు పెట్టి చూడు."

పెట్టింది. కుండలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి. "భలే కనిపెట్టారండి అంకుల్" అంది. నా ఛాతీ కోటు గుండీలు తెంచుకునేంత ఉబ్బింది.

ఆ చల్లనీళ్ళు పైపులో నిలవుండి ఏసీకి చల్లబడ్డ కాసిని నీళ్ళేనని మా ఇద్దరికీ తట్టలేదు. నేలమాళిగలో ఉన్న పెద్ద బాయిలర్‌ను ఏ ఎండాకాలమూ ఎవరూ ఆపరనీ తట్టలేదు. దాని సలసలా కాగే నీళ్ళు మెల్లగా మెట్లెక్కుతున్నట్టు మా అంతస్తుకు బయల్దేరాయి.

సీసా చుట్టూ పెట్టడానికి మంచు తెస్తానని సౌమ్య కింది అంతస్తుకు వెళ్ళింది. నేను కరెంటు పొయ్యి పెట్టి కూర్చున్నాను. ద్రవం కుతకుతా ఉడుకుతోంది కానీ సీసాలో చుక్క లేదు. వేడి చాలలేదేమోనని పెంచాను. అయినా లేదు. ఇంకా పెంచాను. లోపల ద్రవం తరిగిపోతోంది, బయట సీసా ఎడారిలా ఉంది.

ఇథైల్ ఫార్మేట్‌ది అచ్చం రమ్ము వాసన. పుస్తకంలో చదివాను. ముక్కుకు మాత్రం అందలేదు, ఎందుకంటే ఆ మధ్యే నాకు కరోనా వచ్చి, పోతూ పోతూ ముక్కు పనితనాన్ని వెంట తీసుకుపోయింది.

సౌమ్య మంచు బకెట్‌తో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అంకుల్, మీరేమైనా తాగుతున్నారాండి?"

"పొద్దున ఒక చాయ్ తాగిన. ఏమైంది?"

"చాయ్ వాసన కాదండి ఇది."

అప్పటికే వాసన నడవా దాటి, పక్క గదుల్లోకి దూరి, పరిశోధన చేసుకునే పెద్దమనుషులందరినీ మెట్ల మీదికి తరిమింది. వాళ్ళకు ఎదురీదుతూ మా మేడమ్ వచ్చింది. ఈజిప్టు ఆవిడ. ముక్కుకు చేతిరుమాలు అడ్డం. ముందు నా కళ్ళు చూసింది, తర్వాత నా నిలకడ చూసింది, ఆఖరికి సౌమ్య చేతిలో మంచు చూసింది.

"మిస్టర్ నర్సయ్యా, పార్టీయా?"

"ప్రాక్టికల్, మేడమ్."

"మంచు కూడా తెప్పించారు."

"సీసా చల్లగుండటానికి, మేడమ్."

"తాగేవాళ్ళంతా అదే చెబుతారు." అంటూనే పొయ్యి ఆపేసి, కండెన్సర్ మీద చేయి వేసి చటుక్కున తీసుకుంది. "ఏ నల్లా ఇది?"

"ఎర్రది, మేడమ్." గీజర్ పురాణం మొత్తం విన్నవించుకున్నాను.

ఓపిగ్గా విని, "మా ఇంట్లోనూ అంతే" అంది. "కానీ మా ఇంట్లో మూడంతస్తులకు నీళ్ళు కాచే బాయిలర్ లేదు. సరే, మీరు తయారుచేసిన సరుకేది?"

ఎండిన సీసా కేసి చూశాను. కెమిస్ట్ కుర్చీ కాళ్ళొచ్చి నడిచిపోతున్నట్టు కనిపించింది. ఇంక దాచేదేముంది?

"మీరు పీలుస్తున్నదే, మేడమ్."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. కోపమనుకున్నాను. భుజాలు కదులుతుంటే తెలిసింది నవ్వని. కాసేపటికి తేరుకుని, "వాసన సరిగ్గా ఉంది. అంటే చేయడం వచ్చు, పట్టుకోవడం రాదు. కిటికీలు తెరిచి, వాసన పోయాక మళ్ళీ మొదలుపెట్టండి. యల్లా, కానివ్వండి" అంది.

ఈసారి సౌమ్య తెలివి నడిచింది. బకెట్‌లో మంచునీళ్ళు పోసి, చిన్న మోటారుతో అవే నీళ్ళను గొట్టం చుట్టూ తిప్పింది. చుక్కలు టపటపా రాలాయి. సాయంత్రానికి సీసా మేడమ్ చేతిలో ఉంది, పాస్ నా జేబులో ఉంది.

మెట్రోలో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది. ఎమ్మెస్సీ అయినవాడికి జనం ఇచ్చే మర్యాద అనుకున్నాను. ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ తలుపు తీసింది.

"పాసైన" అన్నాను గర్వంగా.

ఒక అడుగు వెనక్కి వేసింది. "కనవడ్తనే ఉన్నది."

"అయ్యో, అది ఇథైల్ ఫార్మేట్ వాసనే."

"ఏ కంపెనీదైతేంది" అని తలుపు వేసింది.

ఆ మూసిన తలుపు సాక్షిగా కుడిచేయి చాపి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ రంగు గుర్తున్న నల్లానైనా కింద చేయి పెట్టి, అది నొప్పి పుట్టేదాకా పారనిచ్చి గానీ నమ్మను. పాసైన సంగతి మాత్రం ఫోన్‌లోనే చెబుతాను.