ముప్ఫై అక్షరాల గడి

ఐలీ కంగాస్‌కు ప్రోగ్రామింగ్ వచ్చింది నలభై ఏడో ఏట. అంతకుముందు పదహారేళ్ళు ఆమె కౌంటీ అంబులెన్స్ ఆఫీసులో చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని ఫోన్లు ఎత్తింది. అమెరికాలో సుపీరియర్ సరస్సు దక్షిణపు ఒడ్డున, సగం అడవీ సగం మంచూ అయిన ఆ కౌంటీలో ఫోను చేసినవాడు ఇంటి నంబరు చెప్పడు. "కాలిపోయిన రంపపు మిల్లు దాటాక, ఎర్ర కొట్టం పక్కన" అంటాడు. ఆఫీసుకు బయటినుంచి కొనితెచ్చిన సాఫ్ట్‌వేరేమో ఇంటి నంబరుకొక గడి, వీధికొక గడి, ఊరికొక గడి అడిగేది. నంబరు గడి ఖాళీగా ఉంటే ముందుకు కదలనిచ్చేది కాదు. అవతల మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే ఇవతల ఐలీ ఆ గడిలో సున్నాలు నింపేది.

ఆ విసుగుతోనే కాలేజీలో సాయంత్రం తరగతులకు వెళ్ళింది. రెండేళ్ళకు ఆఫీసులోని మూడు కంప్యూటర్లకూ సొంతంగా ప్రోగ్రాం రాసింది. అందులో చిరునామాకు ఒకటే టెక్స్ట్ ఫీల్డ్, ఒంటి వరుస గడి. చెప్పింది చెప్పినట్టు కొట్టడం, ఎంటర్ నొక్కడం, అంతే. ఎంటర్ నొక్కితే కర్సర్ కింది వరుసకు దిగకూడదు, మాట నేరుగా అంబులెన్సుకు వెళ్ళిపోవాలి. అందుకే ఒంటి వరుస. అది వచ్చాక ఫోన్లు ఎత్తే ఆడవాళ్ళు ఆమెకు కేకు చేసి తెచ్చారు.

గ్లెన్ ట్రెవారో అప్పట్లో రేడియోలు బాగుచేసేవాడు. ముప్ఫై దాటని మనిషి, మాటకారి. మధ్యాహ్నం తిండి వేళ పక్కన కూర్చుని చూసేవాడు. చూసీ చూసీ, "నాకూ నేర్పరాదా?" అన్నాడు. ఐలీ నేర్పింది. మొదట నేర్పింది ఆ గడి గురించే.

"ఇక్కడ ముప్ఫై అని రాశాను, చూశావా? ఇది కంటికి కనపడే వెడల్పు మాత్రమే. లోపల పట్టేదానికి హద్దు లేదు. ముప్ఫై దాటితే అక్షరాలు ఎడమకు జరిగి దాక్కుంటాయి, పోవు."

"మా మామగారి లెక్క," అన్నాడు గ్లెన్. "కంటికి కనపడేది కాస్త, కడుపులో పట్టేది బోలెడు."

ఐలీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ తర్వాతి ఏడు అతని కూతురికి బాప్తిస్మంలో గాడ్‌మదర్‌గా నిలబడింది కూడా ఆమే. భర్త పోయి, పిల్లలు లేని మనిషి. ఆదివారాలు వాళ్ళింట్లోనే భోజనం చేసేది.

రెండువేల నాలుగు సెప్టెంబరులో ఆమెకు మోకాలి ఆపరేషన్ పడింది. పది వారాలు సెలవు. వెళ్ళేముందు పాస్‌వర్డులూ ప్రోగ్రాం ఫైళ్ళూ అన్నీ గ్లెన్ చేతిలో పెట్టి, "నీ ఇల్లే అనుకో," అంది.

నవంబరులో, జింకల వేట మొదలైన వారంలో, మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. బెర్నడీన్ ఎత్తింది. ఐలీతో పదేళ్ళు పక్క కుర్చీలో పనిచేసిన మనిషి. అవతల లెంపీ నీమీ అనే ముసలామె. భర్త ఆర్విడ్ కట్టెలు కొడుతూ ఛాతీ పట్టుకుని పడిపోయాడు. ఇల్లు ఎక్కడంటే, ఓల్డ్ మిల్ రోడ్డు, వంతెన దాటాక ఎడమ చీలిక, రెండో ఇల్లు. బెర్నడీన్ గోడమీది మ్యాపు చూస్తూనే అంతా కొట్టింది, ఎంటర్ నొక్కింది.

అంబులెన్సులోని చిన్న ప్రింటరు నుంచి బయటికొచ్చిన కాగితం పట్టీమీద ఇంగ్లీషులో "ఓల్డ్ మిల్ రోడ్, వంతెన దాటాక" అని మాత్రమే ఉంది. వంతెన దాటితే లోయ. అక్కడ రేడియో పలకదు. డ్రైవరు కుడి చీలిక పట్టాడు. వేటగాళ్ళ గుడిసెలు రెండు వెతికి, మంచులో బండి తిప్పుకుని వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు గడిచాయి. అప్పటికి లెంపీ తన కోటు తీసి భర్తకు కప్పి, మంచులోనే కూర్చుని ఉంది. ఆర్విడ్ పోయాడు.

పది రోజులకు కౌంటీ బోర్డు విచారణ పెట్టింది. ఐలీ చేతికర్ర పట్టుకుని వెళ్ళింది. తన గడి అక్షరాలు మింగదన్న ధీమా ఆమెకుంది.

అధ్యక్షుడు హాల్వర్సన్ ప్రోగ్రాములోని ఆ పేజీని గోడమీద వేయించాడు. గడిని తయారుచేసే వాక్యం, అందులో ముప్ఫై అంకె, పక్కనే ఐలీ పేరు.

"ముప్ఫై అని రాసింది మీరేగా?"

"నేనే. కానీ అది వెడల్పు, హద్దు కాదు."

"ఖాళీలతో కలిపి పట్టీమీద సరిగ్గా ముప్ఫై అక్షరాలే ఉన్నాయమ్మా. మీ లెక్కలో ఆ రెంటికీ తేడా ఏమిటి?"

ఎంత విడమరిచి చెప్పినా ఆయన మొహంలో అర్థమైన జాడ లేదు. ఐలీ పక్కకు తిరిగింది. "గ్లెన్, నువ్వు చెప్పు. నీకు తెలుసుగా."

గ్లెన్ తన ముందున్న కాగితాలు సర్దాడు. ఆమె వైపు చూడలేదు. "ఆ గడి సంగతి ఐలీకే తెలియాలండీ. నేను దాన్ని ముట్టుకోలేదు."

హాల్వర్సన్ అక్కడే కంప్యూటరు తెప్పించి, గడిలో కొట్టి చూడమన్నాడు. ముప్ఫయ్యో అక్షరం దగ్గర అది ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్ని మీటలు నొక్కినా పలుకూ లేదు, ఉలుకూ లేదు. ఐలీ దాన్ని చూసింది, గ్లెన్‌ను చూసింది. అప్పుడు తెలిసింది. హద్దు పెట్టింది ఎవరో, ఎందుకు తల ఎత్తడం లేదో.

"ఇది నేను పెట్టింది కాదు," అంది. హాల్వర్సన్ గోడమీద ఉన్న ఆమె పేరు వైపు వేలు చూపించాడు.

ఆమెను సస్పెండ్ చేసి ఇంటికి పంపేశారు. ఊరి పత్రికలో ఫొటో పడింది. సరుకుల కొట్లో ముప్ఫయ్యేళ్ళ పరిచయస్తురాలు పిండి బస్తాల వెనక్కు తప్పుకుంది. ఆదివారం ఐలీ ఒక్కతే గుడ్డు ఉడకబెట్టుకుని తింది.

నాలుగోరోజు బెర్నడీన్ ఏలకుల రొట్టె పట్టుకుని తలుపు తట్టింది.

"ఏమే, చచ్చావా బతికున్నావా?"

"ఎందుకొచ్చావు? నాతో కనిపిస్తే నీకూ మచ్చే."

"ఉన్న మచ్చలు చాలవూ. ఆ ముసలామె చెప్పిన ప్రతి మాటా ఈ చేతులతో కొట్టానే నేను. రాత్రుళ్ళు నిద్రలో కూడా కొడుతున్నాను. అసలు వేసవిలో ఎంతెంత పొడుగు కొట్టేవాళ్ళం, అప్పుడు పోలేదే అక్షరాలు?"

ఐలీ రొట్టె కోస్తున్న కత్తి పక్కన పెట్టింది. "మళ్ళీ అను."

గడిలో కొట్టిన ప్రతి వరుసా తేదీతో సహా రికార్డుల్లో ఉంటుంది. ఐలీ మామూలు పౌరురాలిగా అర్జీ పెట్టి నకళ్ళు తెచ్చుకుంది. ఇద్దరూ వంటింటి బల్లమీద పరుచుకుని మూడురోజులు అక్షరాలు లెక్కపెట్టారు. జులైలో యాభై రెండు అక్షరాల వరుస ఉంది. ఆగస్టులో ఎనభై నాలుగు: కుక్కను కట్టేశాము, మెట్టు విరిగింది, వెనకవైపు నుంచి రండి అని. సెప్టెంబరు ఇరవై రెండు దాకా అంతే. ఇరవై మూడు నుంచి ముప్ఫై దాటింది ఒక్కటీ లేదు. చాలా వరుసలు సగం మాటలో తెగిపోయాయి; మిగతాది డ్రైవర్లు రేడియోలో అడిగి తెలుసుకునేవారు. ఇరవై మూడున ఐలీ ఆపరేషన్ బల్లమీద ఉంది.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నమాట," అంది బెర్నడీన్. "పో, వాడి మొహాన కొట్టు."

రెండో విచారణ పావుగంటలో ముగిసింది. రికార్డులు చూశాక హాల్వర్సన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గ్లెన్ ఒప్పుకున్నాడు. కొత్త ప్రింటరు పట్టీమీద పొడుగు వరుసలు బయటికి పోతున్నాయని పైవాళ్ళు గొడవ చేస్తే, ప్రింటరు వైపు సరిచేసే తీరిక లేక, వేరే ఫైల్లో గడికి హద్దు పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. అతన్ని రోడ్ల శాఖకు మార్చారు. ఐలీని మళ్ళీ పనిలోకి రమ్మని ఒక ఉత్తరం చేతికిచ్చారు. అందులో "పద్ధతిలో లోపం" అని ఉంది తప్ప ఎవరి పేరూ లేదు.

ఆ రోజు కారు ఎక్కబోతుంటే గ్లెన్ వెనకాలే వచ్చాడు.

"భయమేసింది, ఐలీ. అప్పటికే అందరూ మీ వైపే చూస్తున్నారు."

"చూస్తుంటే, వాళ్ళ ముందుకే నన్ను తోశావు."

"మీకు రిటైరయ్యే వయసు వచ్చింది, మహా అయితే ఇంటికి పంపుతారు అనుకున్నాను. నాకు పిల్లలు..."

"హద్దు పెట్టావు, పొరపాటు. నేనూ చేశాను అలాంటివి. కానీ వెడల్పు వేరు, హద్దు వేరు అని ఆ గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను నేర్పింది మర్చిపోయి ఉంటే క్షమించేదాన్ని గ్లెన్. గుర్తుండే చేశావు."

అతను ఇంకేదో అనబోయాడు. ఐలీ కారు తలుపు వేసుకుంది.

మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్ళి, గడికి పెట్టిన హద్దు తీసేసింది. పొడుగు వరుస వస్తే ప్రింటరే రెండో వరుసకు మడిచేలా మార్చింది. బెర్నడీన్ చేత తొంభై అక్షరాలు కొట్టించి, పట్టీమీద చివరి అక్షరం దాకా చదివింది. తర్వాత రాజీనామా కాగితం బల్లమీద పెట్టింది. ఉండమని బతిమాలారు. కొత్తవాడికి నేర్పితే చాలన్నారు. ఆ మాట వినగానే ఆమె కోటు తొడుక్కుంది.

వారం తర్వాత ఓల్డ్ మిల్ రోడ్డుకు వెళ్ళింది. వంతెన, ఎడమ చీలిక, రెండో ఇల్లు. లెంపీ కాఫీ పెట్టింది. ఐలీ గడి గురించీ అక్షరాల గురించీ మొదలుపెడితే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్నీ నాకు ఎక్కవు తల్లీ. ఒక్కటి చెప్పు. నేను దారి సరిగ్గా చెప్పానా? కంగారులో ఎడమ బదులు కుడి అన్నానేమో అని రోజూ చస్తున్నాను."

"సరిగ్గానే చెప్పారు. ఎడమ చీలిక, రెండో ఇల్లు అన్నారు. ఆ మాట విన్నామె నా స్నేహితురాలే. మీరు చెప్పినవన్నీ కొట్టింది. మా ఆఫీసులో ఒకబ్బాయి చేసిన మార్పు వల్ల చివరి మాటలు తెగిపోయాయి."

లెంపీ కప్పులు రెండూ మళ్ళీ నింపింది.

"మరి ఆ కత్తిరించిన అబ్బాయి, నీకు ఏమవుతాడు?"

ఐలీ కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి సగం కొట్టిన కట్టెల వైపు చూసింది.

"ఏమీ కాడు," అంది. "నాతో కలిసి పనిచేసేవాడు."